బాడీ నీకు, లెన్సులు నాకు

జనవరి 8

తమ్ముడికి,

నువ్వు క్షేమంగానే ఉంటావు. నీలాంటివాళ్ళకి ఏమీ కాదు. కాబట్టి ఆ ముక్క అడగకుండా నేరుగా విషయానికి వస్తున్నాను.

నాన్న పోయాక బాబాయి మన సామాను పంచిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన జన్మలో కెమెరా పట్టినవాడు కాదు. పళ్ళాలూ గ్లాసులూ పంచినట్టు అన్నీ బల్ల మీద వరసగా పెట్టి, "ఇది అబ్బాయికి, ఇది అమ్మాయికి" అనుకుంటూ పోయాడు. కెమెరా బాడీ నీకు, దానికి బిగించే మూడు లెన్సులూ నాకు. ఫ్లాష్ దీపం నీకు, దాన్ని వెలిగించే బ్యాటరీ పెట్టె నాకు. రెంటినీ కలిపే తీగ దగ్గరికి వచ్చేసరికి చేతిలో కత్తెర పట్టుకుని "మధ్యకి కోసెయ్యమంటారా?" అని అడిగాడు మహానుభావుడు. తీగ నేను లాక్కోబట్టి బతికింది. బాడీ లేని లెన్సు, లెన్సు లేని బాడీ ఎందుకూ కొరగావని ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇద్దరం నోరు కుట్టేసుకుని కూర్చున్నాం. నేను అడుక్కోవాలని నువ్వు, నువ్వు అడుక్కోవాలని నేను.

సరే, నేనే అడుక్కుంటున్నాను. మిల్లువాళ్ళ గ్రూపు ఫోటో వచ్చే నెల ఇరవై నాలుగున. ఈసారి ఆవరణ తవ్వుతున్నారట, నూలు బేళ్ళు పెట్టే షెడ్డులో తియ్యాలి. పట్టపగలే దీపం పెట్టుకుని తిరిగే షెడ్డు అది. స్టూడియోలో మిగిలిన స్టాండు కెమెరా పాస్‌పోర్టు ఫోటోలకి తప్ప పనికిరాదు, దాన్ని గుమ్మం దాటిస్తే ఊడి చేతికొస్తుంది. మిల్లు పని మీదే ఈ దుకాణం నడుస్తోందని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఫోటో చెడిందా, ఏడాది పని మొత్తం ఎదురువీధి కలర్ ల్యాబువాడికి పోతుంది. నేను షట్టరు దించేసి తాళం వేసుకోవాలి.

బాడీ, ఫ్లాష్ దీపం ఒక్క రోజుకి పంపు. తినెయ్యను.

అక్క


జనవరి 15

అక్కకి,

ఉత్తరంలో ముప్పావు వంతు తిట్లు, అడుగున అభ్యర్థన. అడుక్కునేవాడైనా ముందు ఒక దండం పెడతాడు.

పంపడం కుదరదు. నేనిక్కడ ఇన్సూరెన్సు కంపెనీలో ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ లేను. రోజూ ఎక్కడో ఒక లారీ దేన్నో గుద్దుతుంది, నేను వెళ్ళి ఫోటో తియ్యాలి. బాడీ లేకపోతే బొమ్మ గీసి ఇవ్వనా?

నీ లెన్సుల కోసం నేను ఏడుస్తున్నానని నీ ఊహ కాబోలు. కొత్త జూమ్ లెన్సు కొన్నాను. వెడల్పు కావాలంటే వెడల్పు, దూరం కావాలంటే దూరం, అన్నీ ఒకే గొట్టంలో. తిప్పితే చాలు. నాన్న పాపం మూడు లెన్సులు భుజాన వేసుకుని, ఒకటి తీసి ఒకటి బిగించి, మూతలు జేబులో వెతుక్కుంటూ జీవితం గడిపేశాడు. నువ్వు ఆ మూడింటినీ గుడ్డతో తుడుచుకుంటూ గడుపు. బాడీలు పాత సామాన్ల బజారులో కుప్పలుగా పడున్నాయి, ఒకటి కొనుక్కో.

నన్నడిగితే దుకాణం మూసెయ్యి. ఆ చీకటిగదిలో మందు నీళ్ళ వాసన పీల్చి నీ మనసు కూడా పులిసిపోయింది. నా పనితనం చూసుకోవడానికి ఒక ఫోటో జత చేస్తున్నాను.

తమ్ముడు


జనవరి 22

తమ్ముడికి,

నీ ఫోటో చూశాను. లారీ వెనక ఉన్న గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చింది. కట్టినవాడు తిన్నగానే కట్టి ఉంటాడు, నీ గొట్టం దాన్ని వంచింది. నెంబరు ప్లేటు మీద ఆఖరి అంకె మూడా, ఎనిమిదా? మీ కంపెనీ ఏ లారీకి పరిహారం ఇస్తుంది, గుద్దినదానికా, ఇంట్లో నిద్రపోతున్నదానికా? నాన్న యాభై ఎమ్మెమ్ లెన్సుతో తీస్తే లారీ మీద దుమ్ములో ఎవడో వేలితో రాసిన బూతుమాట కూడా చదవగలిగేవాళ్ళం. అన్ని పనులూ చేస్తానన్నవాడు ఏ పనీ చెయ్యడు, లెన్సయినా మనిషయినా.

నువ్వు పెద్ద సలహా ఇచ్చావు కదా, బాడీ కొన్నాను. పాత సామాన్లవాడు "ఏ లెన్సయినా ఏ బాడీకయినా పడుతుందమ్మా" అని పిల్లల మీద ఒట్టేశాడు. వాడికి పిల్లలు లేరని తర్వాత తెలిసింది. మన లెన్సు గాడిలో పెట్టి పావు చుట్టు తిప్పి బిగించేది, ఈ బాడీ సీసా మూతలా మర తిప్పి ఎక్కించేది. ఎలా పడుతుంది? లేతు మిషను మేస్త్రి దగ్గరికి వెళ్తే, రెంటికీ మధ్య ఒక ఇత్తడి రింగు చేసి ఇచ్చాడు. చక్కగా కూర్చుంది. రేపు ఫిలిం వేసి చూస్తాను. నీ అవసరం నాకు లేదు.

అక్క


ఫిబ్రవరి 1

అక్కకి,

నీ ఇత్తడి రింగు సంగతి చదివి ఆఫీసులో పడీపడీ నవ్వాను. పక్క బల్ల ఆయన, ఎవరైనా పోయారా అని అడిగాడు.

లెన్సుకీ ఫిలింకీ మధ్య ఎంత దూరం ఉండాలో అంతే ఉండాలి. నువ్వు మధ్యలో రింగు దూర్చి దూరం పెంచావు. ఇక ఆ లెన్సుకి దగ్గరవే కనపడతాయి, గదికి అవతల ఉన్నదేదీ ఫోకస్ అవదు. మిల్లులో ఎనభైమందినీ ఒక్కొక్కరే వచ్చి నీ ముక్కుకి మూరెడు దూరంలో నిలబడమను. నాన్న దగ్గర ఇన్నేళ్ళు పని చేసి నేర్చుకున్నది ఇదా? చేతకానమ్మకు చేష్టలెక్కువ అని ఊరికే అన్నారా!

నా జూమ్ గురించి నువ్వు రాసిందంతా కుళ్ళు. మా సూపర్‌వైజరు ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

ఇంకో సంగతి. బాబాయి ఫోన్ చేశాడు. నువ్వు నాన్న లెన్సులు సంచిలో వేసుకుని పాత సామాన్లవాడి దుకాణంలో బేరమాడుతుంటే కళ్ళారా చూశాడట. అమ్మేస్తున్నావన్నమాట. వాటా నీది, అమ్ముకో, అడగడానికి నేనెవణ్ణి? కానీ ఆ తుక్కువాడికి అమ్మడానికేనా ఆ రోజు వాటిని ఒళ్ళో పెట్టుకుని అంత కావలించుకున్నావు? ఛీ.

తమ్ముడు


ఫిబ్రవరి 8

తమ్ముడికి,

రింగు నువ్వు చెప్పినట్టే అయింది. ఫోటో చెడినందుకు కాదు, నువ్వు చెప్పినట్టు అయినందుకే నాకు ఎక్కువ బాధ.

లెన్సులు సంచిలో పట్టుకెళ్ళింది బాడీకి పడతాయో లేదో చూడ్డానికి. బాబాయి చూశాడట, నువ్వు నమ్మావట! తీగని కత్తెరతో కోయబోయిన మనిషి చెప్పిన మాట నమ్మి, నన్ను ఛీ అన్నావు. నాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ లెన్సులకి బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో దాచి పక్కన దీపం పెట్టి కాపాడింది ఎవరు? నువ్వు అప్పుడు ఏ లారీ కింద ఉన్నావు?

అందుకని ఇవాళే తపాలా ఆఫీసుకి వెళ్ళి పార్సిలు కట్టించాను. మూడు లెన్సులూ, బ్యాటరీ పెట్టే, తీగా అన్నీ నీకే. నీ మొహాన కొట్టాను అనుకో. ఇకమీద వాటా లేదు, పంపకం లేదు. ఆ జూమ్ గొట్టాన్ని కిటికీలోంచి అవతల పారేసి వీటితో లారీలు తీసుకో. మిల్లుకి వెళ్ళి ఈ ఏడు నా వల్ల కాదని చెప్పేస్తాను. కలర్ ల్యాబువాడు పండగ చేసుకుంటాడు. నువ్వూ వెళ్ళి వాడితో కలిసి చేసుకో.

అక్క


ఫిబ్రవరి 8

అక్కకి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, వస్తే చదివి కోపం వచ్చి పంపడం మానేస్తాననే భయంతో.

ఆ లారీ నెంబరులో ఆఖరి అంకె ఎనిమిదట. నేను మూడని రాశాను. సూపర్‌వైజరు ఫోటోలు నా బల్ల మీద విసిరేసి, "ఇవి కళ్ళజోడు తీసేసి తీశావా?" అన్నాడు అందరి ముందూ. ఇకనుంచి కంపెనీ కెమెరాయే వాడాలట. మీట నొక్కితే అదే ఫోకస్ చేసుకుని అదే ఫ్లాష్ వేసుకునే రకం. దానికి నేను ఎందుకో తెలియదు, మెడలో తగిలించుకుని తిప్పడానికి కాబోలు. కోతికి తగిలించినా సరిపోతుంది.

అందుకని నాన్న బాడీ, ఫ్లాష్ దీపం ఇవాళ నీకు పార్సిలు చేశాను. దయ అనుకోకు. అలమరలో కూర్చుని రోజూ నావంక చూస్తుంటే చిరాకేసి వదిలించుకుంటున్నాను. లెన్సులు ఈపాటికి అమ్మేసి ఉంటే దీన్నీ వాడికే ఇచ్చెయ్యి, జత కలుస్తుంది. అమ్మకపోతే మిల్లు ఫోటో తీసుకో.

తమ్ముడు


ఫిబ్రవరి 16

ఒరేయ్,

నీ పార్సిలు ఇప్పుడే విప్పాను. ఉత్తరమూ చదివాను. నా పార్సిలు నీకూ ఈపాటికి అందే ఉంటుంది. అర్థమైందా ఏం జరిగిందో? ఇప్పుడు బాడీ నా దగ్గర, లెన్సులు నీ దగ్గర. దీపం నా దగ్గర, పెట్టె నీ దగ్గర. బాబాయి తెలియక చేసిన తెలివితక్కువ పనిని మనం తెలిసి, తపాలా ఖర్చు పెట్టి, తిరగేసి చేశాం. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎవరో అనుకునేదాన్ని, మనమేరా.

మిల్లుకి ఇంకా చేతకాదని చెప్పలేదు. చెప్పడానికి వెళ్తే మేనేజరు లేడు. తిరిగి వచ్చేసరికి గుమ్మంలో నీ పార్సిలు. బాడీని నీ మేజోళ్ళలో చుట్టి పంపావు, ఉతికినవే అనుకుని ముట్టుకున్నాను.

ఇక తపాలాని నమ్మను. నువ్వే లెన్సులూ పెట్టే తీగా తీసుకుని బస్సెక్కి ఇరవై మూడు సాయంత్రానికి రా. నిన్ను చూడాలని ఏమీ లేదు, లెన్సులు ఒంటరిగా నడిచి రాలేవు కాబట్టి. ఒక్క పూట సెలవు పెట్టు, కంపెనీ మునిగిపోదు, కోతి ఉంది కదా.

అక్క


ఫిబ్రవరి 27

అక్కకి,

తిరిగి ఇక్కడికి చేరాను. బస్సులో పక్కన కూర్చున్నవాడు లెన్సుల సంచి మీద తలపెట్టి పడుకున్నాడు, నిద్రలో కూడా వాడి తలకాయే కాపలా కాసింది.

నీ దుకాణం చూసి జాలేసింది. గోడకి రంగు లేదు, వెనక తెర మీద వేసిన తోటలో పూలు రాలిపోయాయి, స్టూలు ఎక్కితే ఊగుతుంది. అయినా నిన్ను మెచ్చుకోవాల్సింది ఒకటుంది. ఆ షెడ్డులో నువ్వు ఎనభైమందిని బెంచీల మీద నాలుగు వరసల్లో నిలబెట్టిన తీరు. "తల పక్కకి, ఒక్క అడుగు వెనక్కి, నవ్వు ఆపమ్మా" అంటూ, నాన్న కంటే గొంతు పెద్దది. మేనేజరూ ఆఫీసర్లూ ముందు కుర్చీల్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే మేనేజరుకి మూడుసార్లు కోటు సర్దాల్సి వచ్చింది. ఆయన తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్ని దువ్వడానికి ఒక గుమాస్తా విడిగా ఉన్నాడు, చూశావా?

మనం పోట్లాడకుండా పని చేసిన పూట అదొక్కటే. నీ బాడీ నువ్వు పట్టుకున్నావు, నా లెన్సు నేను చూసుకున్నాను. ఫోకసూ, లెన్సులోంచి ఎంత వెలుగు రావాలో చూసుకోవడమూ నేను, వేగం డయలూ మీటా నువ్వు. నీ వాటా మీద నా వేలు పడలేదు, నా వాటా మీద నీ వేలు పడలేదు. లెన్సులు నాతో తెచ్చేసుకున్నందుకు గుర్రుగా ఉన్నావని తెలుసు. నువ్వే కదా మొహాన కొట్టావు.

ప్రింటు ఒకటి పంపు. మిల్లు పని నీకు వచ్చినట్టే.

తమ్ముడు


మార్చి 3

తమ్ముడికి,

ప్రింటు దీనితో పంపుతున్నాను. కూర్చుని చూడు.

కింది సగం లేదు. కత్తితో కోసినట్టు అడ్డంగా గీత, గీత కింద కటిక నలుపు. వెనక బెంచీల మీద నిలబడ్డ పనివాళ్ళందరూ కంటి రెప్పలతో సహా ఉన్నారు. కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్లు ఒక్కరూ లేరు. మేనేజరు గారి నడినెత్తి మాత్రం గీత మీద గట్టున బోర్లించిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. తీసిన పన్నెండూ ఇలాగే ఉన్నాయి.

ఆ బాడీ డయలు మీద ఒక అంకె ఎర్రగా ఉంటుంది. ఫ్లాష్ వేస్తే వేగం దానికి మించకూడదు. మించితే ఫ్లాష్ వెలిగేలోపే లోపలి తెర ఒక పక్కనుంచి మూసుకుంటూ వస్తుంది, ఆ పక్క నల్లబడుతుంది. ఎండలో లారీలు తీసే వేగం మీద పెట్టి నువ్వు పంపావు, నేను అలాగే నొక్కాను. స్టూడియో కెమెరాకి ఈ పట్టింపు లేదు, ఏ వేగం మీదైనా ఫ్లాష్ పడుతుంది, ఆ అలవాటులో నేను చూడలేదు. నువ్వు నా పక్కనే నిలబడ్డావు. డయలు వంక ఒక్కసారి చూస్తే నీ కళ్ళు అరిగిపోతాయా?

ఇంకా విను. నమూనా ప్రింటు మిల్లుకి పట్టుకెళ్తే గేటు మనిషి చూశాడు. ఆయన చేతిలోంచి షెడ్డులోకి పోయింది. మేనేజరు బల్ల మీదికి చేరేసరికి మిల్లంతా నవ్వింది. సాయంత్రం పనివాళ్ళు గుంపుగా దుకాణానికి వచ్చారు, అందరికీ ఒక్కో కాపీ కావాలట. దారం చుట్టే విభాగంలో ఒకావిడ ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఏటా నేనూ నిలబడతానమ్మా, ముందున్నాయన భుజమే కనపడేది" అంది.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నెగిటివులు తెచ్చి ఆయన ముందు కత్తిరించాలట. మళ్ళీ ఉచితంగా తియ్యాలట. అలా చేస్తే పని నాకే ఉంచుతాడు. ఒక్క కాపీ బయటికి పోయినా కలర్ ల్యాబువాడికి ఇచ్చేస్తాడు. పదో తారీకున రమ్మన్నాడు. నువ్వేమంటావు? నీ సలహా కోసం కాదు, సగం నీ లెన్సు కాబట్టి అడుగుతున్నాను.

అక్క


మార్చి 6

అక్కకి,

డయలు నేను ముట్టుకుంటే "నా వాటా" అని మీద పడతావని ముట్టుకోలేదు. చూడనూ లేదు. దొందూ దొందే, ఇక దాని గురించి ఎత్తకు.

కత్తిరించెయ్యి. దుకాణం నీకు ప్రాణం, నెగిటివు ముక్క కాదు. మళ్ళీ తీద్దాం, నేను వస్తాను. మేనేజరుకి వంగి ఒక నమస్కారం పెట్టు, అరిగిపోవు. నేను ఇక్కడ రోజుకి పదిసార్లు పెడుతున్నాను, నాకేమైంది?

ఏమైందో నాకు తెలుసు. ఆ మాట రాసి నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను. అయినా కత్తిరించెయ్యి.

తమ్ముడు


మార్చి 11

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చెయ్యాలని వెళ్ళాను. నిజం. కత్తెర కూడా సంచిలో వేసుకున్నాను.

మేనేజరు నెగిటివుని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాడు. తిరగేసి చూశాడు. తన నడినెత్తి గుర్తుపట్టాడు కాబోలు, మొహం మాడ్చుకున్నాడు. నేను మెల్లగా, "కత్తిరించేస్తానండీ, కానీ పైసగం బాగా వచ్చింది, వాళ్ళ వరకు చిన్న ప్రింట్లు వేసి ఇచ్చుకోనివ్వండి" అన్నాను. ఆయన నెగిటివు బల్ల మీద పడేసి, "వాళ్ళ మొహాలు ఎవడిక్కావాలమ్మా? వాళ్ళని నిలబెట్టేది వెనకాల గోడ ఖాళీగా ఉండకూడదని" అన్నాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు.

ఇన్నాళ్ళూ నిన్ను తిడుతూ నాకు నువ్వంటే అసహ్యమనుకున్నాను. కాదురా. అది వట్టి అలవాటు. అసహ్యమంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది. నెగిటివు తీసి సంచిలో పెట్టుకున్నాను. "మీ పని మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను. ఆయనకి నా మొహం కనపడకూడదని తలుపు దగ్గర కాసేపు చెప్పులు వెతుక్కున్నట్టు నటించాను.

నిన్న రాత్రంతా ప్రింట్లు వేశాను. అందరివీ వేశాను. ఆవిడది కొంచెం పెద్దది చేశాను. కలర్ ల్యాబువాడు పొద్దున్నే మిల్లుకి కొత్త కోటు వేసుకుని వెళ్ళాడు. నెలాఖరుకి నేను దుకాణం ఖాళీ చేస్తున్నాను. ఇంటాయనకి చెప్పేశాను. ఏడుపు రాలేదు అని రాద్దామనుకున్నాను, వచ్చింది.

నెగిటివు దీనితో పంపుతున్నాను. మిల్లు మనిషి వచ్చి అడిగితే నా దగ్గర లేదని నిజమే చెప్తాను. మన ఇద్దరి సామానులో బాబాయి పంచలేనిది ఇదొక్కటే.

అక్క


మార్చి 15

అక్కకి,

నెగిటివు అందింది. నువ్వు వంగుతావనుకుని ఆ ఉత్తరం రాశాను. నిన్ను తక్కువ అంచనా వేశానని మాత్రం రాయను, రాస్తే ఫ్రేము కట్టించి నాకే చూపిస్తావు.

కంపెనీ కెమెరా సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, కోతిని వెతుక్కోమని చెప్పి వచ్చేశాను. తెలివైన పని కాదు. మన ఇంట్లో ఎవరు చేశారు కనక తెలివైన పని! లెన్సులూ పెట్టే సర్దుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. మిల్లు వెనక ఇళ్ళ వీధుల్లో గుమ్మం గుమ్మానికీ తిరిగి ఫోటోలు తియ్యాలి. నువ్వు మొహాలు తిప్పిస్తావు, నేను మూటలు మోస్తాను. తిండికి సరిపోతుందో లేదో నాకు తెలియదు, నీకూ తెలియదు.

కానీ ఒకటి లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్ళూ నీకు దుకాణం ఉంది, నాకు ఉద్యోగం ఉంది, ఇద్దరికీ కెమెరా లేదు. ఇప్పుడు దుకాణమూ లేదు, ఉద్యోగమూ లేదు, కెమెరా ఉంది.

బస్టాండుకి రాకు. ఇల్లు నాకు తెలుసు.

తమ్ముడు